ఏడు కిలోలు

(జూన్ 29, గణాంక దినోత్సవం, గుంటూరు)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. నాకిచ్చిన పావుగంటలో సగం శాలువాలకే పోయింది. ఈ రోజు ఎవరి పుట్టినరోజో ఆ గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి గురించి అధ్యక్షులు చెప్పేశారు, నేను తిన్నగా విషయానికొస్తాను.

ఖర్చుపెట్టే ప్రభుత్వమే తన రాబడి అంచనా కూడా వేసుకుంటే ఏమవుతుంది? బ్రిటన్‌లో 2010లో ఆ అంచనాల పని స్వతంత్ర సంస్థకు అప్పగించారు. 2022 సెప్టెంబరులో అక్కడి ఆర్థికమంత్రి ఆ సంస్థ అంచనా లేకుండానే భారీగా పన్నులు తగ్గిస్తామన్నాడు. పౌండు పడిపోయింది, ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ ఎగబాకింది, నెల తిరక్కముందే మంత్రి పదవి పోయింది. మన వై.వి.రెడ్డి గారి 14వ ఆర్థిక సంఘం కూడా అలాంటి మండలి కావాలంది. ప్రభుత్వ అప్పుల అదుపు చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె.సింగ్ కమిటీ 2017లో మళ్లీ అంది. అనడం దగ్గరే ఉంది.

ఇక నా గొడవ. అధ్యక్షా, గంట కొట్టకండి.

పంట కోత ప్రయోగం ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ముగ్గురా! సరే. చేలో అయిదు మీటర్లకు అయిదు మీటర్ల చెక్క. ఎక్కడన్నది మన ఇష్టం కాదు, ఏ వరసా లేని అంకెల పట్టిక చూపిన చోటే. తాడు కట్టి, కోసి, నూర్చి, తూచాలి. ఆ బరువును 400తో గుణిస్తే హెక్టారు దిగుబడి. తూకంలో కిలో తేడా వస్తే కాగితం మీద నాలుగు క్వింటాళ్లు!

తుపాను ఏడాది తెనాలి అవతల ఓ ఊళ్లో తూచాను. వరి పడిపోయి మొలకలొచ్చింది. ఏడు కిలోలు. రైతు మజ్జిగ ఇచ్చాడు. సాయంత్రం పైఅధికారి, "పక్క ఊళ్లో పదొచ్చిందయ్యా, నీదొక్కటే ఏడంటే నన్నడుగుతారు. తొమ్మిది చెయ్" అన్నాడు. 7 తలకు చిన్న సున్నా చుడితే 9. చుట్టాను.

ఆ దిగుబడే పంట బీమాకు ఆధారం, అది తక్కువని తేలితేనే రైతుకు పరిహారం. అదే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలోకి పోతుంది, రాష్ట్రం ఎంత అప్పు చెయ్యొచ్చన్నది ఆ ఉత్పత్తిలో శాతంగా తేలుతుంది. లేని ధాన్యం మీద అప్పు పుడుతుందన్నమాట. 2019 జనవరిలో ప్రభుత్వం ఉద్యోగాల సర్వే బయటపెట్టలేదని జాతీయ గణాంక కమిషన్ సభ్యులిద్దరు రాజీనామా చేశారు. నేను రెండు కిలోలకే లొంగాను. ఇంట్లో కూడా చెప్పలేదు ఈ మాట.

మరుసటి ఏడాది నా వంతుకు మళ్లీ అదే ఊరు వచ్చింది. "మాకు బీమా రాలేదండీ. మీరు తూచారుగా, ఎంతని రాశారు?" అన్నాడు ఆ రైతు. తాడు చుట్టుకుంటూ, "రికార్డు చూడాలండీ" అన్నాను.

గంట కొట్టేశారు. సెలవు.