కుక్క కరిస్తే ముందు కుళాయి దగ్గరికి

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండలో, కాజీపేటలో పొద్దుగూకాక ఏ గల్లీలోకి వెళ్లినా వీధికుక్కలు గుంపుగా ఎదురవుతాయి. ములుగు, నర్సంపేట వైపైతే కోతులదే రాజ్యం. వీటిలో ఏది కరిచినా మనవాళ్లు ముందు గుడ్డ చుడతారు, లేదంటే పసరు మందు ఎవరు పోస్తారని ఆరా తీస్తారు. ఆ రెండూ వద్దు. ముందు కుళాయి తిప్పండి.

కుక్క చొంగలో రేబిస్ వైరస్ ఉంటే అది గాయంలోంచి నరాల్లోకి, అక్కడి నుంచి మెల్లగా మెదడుకు పాకుతుంది. దీనికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో కొద్ది రోజులే, అరుదుగా ఏడాది దాటొచ్చు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. చేయగలిగిందంతా ఆలోపే చేయాలి.

ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. బట్టల సబ్బైనా పర్వాలేదు. ధారగా పడే నీళ్ల కింద, పంటి గాట్ల లోపలికి నీళ్లు వెళ్లేలా 15 నిమిషాలు కడగాలి. పిల్లవాడు ఏడుస్తుంటే రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది, అందుకని ఫోన్‌లో టైమ్ పెట్టుకోండి. పొలంలో ఉంటే బోరు దగ్గరే కడిగేయండి. తర్వాత, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ మందు ఇంట్లో ఉంటే అది రాయొచ్చు. పసుపు, సున్నం, జిల్లేడు పాలు, కారం మాత్రం పెట్టొద్దు. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో కారానికి కొదవ లేదు, నిజమే. దాన్ని కూరలోకే ఉంచుదాం.

అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి. వరంగల్‌లో ఎంజీఎం ఉంది, ఊళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. బొడ్డు చుట్టూ 14 సూదులు అని పెద్దవాళ్లు ఇప్పటికీ భయపెడుతుంటారు. ఆ పాత టీకాను మన దేశంలో 2005లోనే ఆపేశారు. ఇప్పుడిచ్చేది చేతికి. చర్మం పొరలో ఇస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇస్తే 14వ రోజు కూడా కలిపి ఐదుసార్లు. మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కపెడతారు, 1గా కాదు. తేదీలు చీటీ మీద రాయించుకుని గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. గాయం మానిందని చివరి డోసు ఎగ్గొట్టేవాళ్లు చాలామంది.

రక్తం వచ్చిందా, డాక్టర్‌ని ఇమ్యునోగ్లోబులిన్ గురించి తప్పక అడగండి. టీకా పనిచేయడం మొదలుపెట్టేసరికి వారం పైనే పడుతుంది. అందాకా కాపాడేది గాయంలోనే, దాని చుట్టూ ఇచ్చే ఈ మందు. మొదటి రోజు ఇవ్వకపోతే, టీకా మొదలైన ఏడు రోజుల్లోపు ఇవ్వొచ్చు. గాయానికి తొందరపడి కుట్లు వేయించొద్దు. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సంగతీ అడగండి, కానీ టీటీ సూదితో రేబిస్ ఆగదు.

కుక్క బాగానే ఉంది కదా, నురగ కక్కట్లేదు కదా అని ఆగకండి. జబ్బు పైకి కనిపించడానికి కొద్ది రోజుల ముందే చొంగలో వైరస్ ఉండొచ్చు. కరిచిన జంతువు బాగుందో లేదో పది రోజులు గమనించడం కుక్కకూ పిల్లికీ మాత్రమే వర్తిస్తుంది, అదీ టీకా మొదలుపెట్టాకే. వీధికుక్క పది రోజులు మన కళ్ల ముందే ఉంటుందా?

కుక్కపిల్ల గీరినా, కోతి గోరు దిగినా పిల్లలు తిడతారేమోనని దాస్తారు. బడి నుంచి రాగానే మోచేతులు, పిక్కలు ఒకసారి చూడండమ్మా. గర్భిణులకూ, చంటిపిల్లలకూ ఈ టీకా వేయొచ్చు, టెన్షన్ పడొద్దు.

ఇదివరకే పూర్తి కోర్సు చేయించుకున్నవాళ్లను మళ్లీ కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులే చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. అయితే డాక్టర్‌కి రుజువు చూపాలి, కాబట్టి పాత చీటీని ఆధార్ కార్డుతో పాటు దాచిపెట్టండి. సెలవు.