సిటీకి దగ్గర్లో తక్కువ అద్దె ఇల్లు: ముందు ఆ అద్దె ఎందుకు తక్కువో కనుక్కోండి

సరే, సూటిగా విషయంలోకి వెళ్దాం. సిటీ సెంటర్‌కి దగ్గరగా ఉండాలి, అద్దె చూస్తే గుండె జారకూడదు. ఇల్లు వెతికే ప్రతి ఒక్కరికీ కావాల్సింది ఇదే, ఈ రెండూ ఒకేచోట ఎక్కడ దొరుకుతాయిలే అని పక్కనున్నవాళ్లు నవ్వేదీ ఇక్కడే. దొరుకుతాయండీ. కాకపోతే తక్కువ అద్దె వెనక ఎప్పుడూ ఏదో ఒక కారణం ఉంటుంది, కొంతమందిని ఆ ఏరియా వైపు రానివ్వని కారణం. ముందు అదేంటో కనుక్కోవాలి, తర్వాత అది మనకి తగిలేదా కాదా చూసుకోవాలి. ఈ వీడియో మొత్తం దాని గురించే.

ముందుగా నా బోల్తా కథ చెప్తాను. మొదటిసారి ఇల్లు వెతికినప్పుడు మ్యాప్ తెరిచి, ఆఫీసు మీద వేలు పెట్టి, చుట్టూ 6 కిలోమీటర్లు అని మనసులో ఒక గుండ్రం గీసుకున్నాను. ఆ గుండ్రంలో బాగా తక్కువ అద్దె ఉన్న ఏరియా ఒకటి కనపడింది, రెండో ఆలోచన లేకుండా వెళ్లి చేరిపోయాను. సోమవారం పొద్దున తెలిసింది అసలు సంగతి. మధ్యలో నది ఉంది, దాని మీద వంతెన ఒక్కటే, ఊళ్లో సగం బండ్లు ఆ వంతెన మీదే ఉన్నాయి. కాకికి 6 కిలోమీటర్లు, నాకు 11. పూటకి 55 నిమిషాలు. నాతో పనిచేసే ఒకతను 14 కిలోమీటర్ల అవతల శివారులో ఉండేవాడు, స్టేషన్ పక్కనే ఇల్లు, నాకంటే లేటుగా బయల్దేరి నాకంటే ముందొచ్చి కూర్చునేవాడు. ఆ మ్యాప్‌లో నదికి నీలం రంగు కూడా వేసి ఉంది, నేనే చూడలేదు.

అందుకే దూరాన్ని నిమిషాల్లో కొలవండి. చెజారే మార్కెట్టి అని ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు, 1994లో ఆయన ఒక సరదా లెక్క చెప్పాడు. యాకొవ్ జహావి అనే రవాణా నిపుణుడు అంతకుముందే గమనించిన విషయం మీద కట్టిన లెక్క అది: మనుషులు ఏ కాలంలో అయినా, ఏ బండి ఉన్నా, సగటున రోజుకి ఒక గంట అటూ ఇటూగా ప్రయాణానికి ఖర్చు పెడతారు. నడక రోజుల్లో గంటకి 5 కిలోమీటర్లు, వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట, అందుకే పాత నగరాలు నడిమధ్య నుంచి రెండున్నర కిలోమీటర్లు దాటి పెద్దగా పెరగలేదు అంటాడాయన. ట్రామ్ వచ్చింది, రైలు వచ్చింది, కారు వచ్చింది, ఊరు సాగుతూ పోయింది, ఆ గంట మాత్రం గంటలాగే ఉండిపోయింది.

దీన్ని మీరు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఐసోక్రోన్ మ్యాప్ అని వెతకండి, అంటే ఒక చోటు నుంచి ఇన్ని నిమిషాల్లో ఎక్కడిదాకా వెళ్లొచ్చో చూపించే మ్యాప్, ఉచితంగా దొరుకుతాయి. ఐడియా పాతదే, ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1881లోనే లండన్ నుంచి ప్రపంచంలో ఎక్కడికి ఎన్ని రోజుల్లో చేరొచ్చో రంగులేసి గీశాడు. మీరు రోజుల బదులు నిమిషాలు పెట్టుకోండి, ఆఫీసు అడ్రస్ ఇచ్చి 35 నిమిషాలు అనండి. వచ్చే బొమ్మ గుండ్రంగా ఉండదు, వేళ్లు చాపిన అరచెయ్యిలా ఉంటుంది, రైలు లైన్ల వెంట, పెద్ద బస్సు రూట్ల వెంట వేళ్లు పొడుగ్గా సాగుతాయి, మధ్యలో సందులు ఖాళీగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త, టైమ్ మాత్రం పనిరోజు పొద్దున ఎనిమిదిన్నర అని పెట్టండి. రాత్రి పదకొండింటికి ఫోన్ తీసి చూసుకుని "అబ్బ, 18 నిమిషాలే" అని మురిసిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు అద్దె సంగతి. మధ్య నుంచి దూరం వెళ్లేకొద్దీ అద్దె ఎందుకు తగ్గుతుందో అందరికీ తెలిసినట్టే ఉంటుంది, కానీ దాన్ని లెక్కగా రాసినవాళ్లు ఉన్నారు. 1826లో జర్మనీకి చెందిన థ్యూనెన్ అనే ఆర్థికవేత్త పొలాల గురించి చెప్పాడు, సంతకి దగ్గరున్న భూమికి గిరాకీ ఎక్కువ ఎందుకంటే సరుకు మోసే ఖర్చు తక్కువ. 1964లో విలియమ్ అలోన్సో అనే ఇంకో ఆర్థికవేత్త అదే లెక్కని నగరానికి తెచ్చాడు. పొలంలో సరుకు మోసుకెళ్లినట్టు ఇక్కడ మనల్ని మనం రోజూ మోసుకెళ్తున్నాం, ఆ మోత ఖర్చు తగ్గితే ఇంటికి ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకుంటాం, ఓనర్‌కి అది బాగా తెలుసు. అయితే ఇది మొత్తం మీద కనపడే వాలు. ఆ వాలులో అక్కడక్కడా గుంటలుంటాయి, దగ్గరే ఉండి కూడా అద్దె పెరగని ఏరియాలు. మన వేట వాటి కోసం.

ఆ గుంటలు ఎలా పడతాయి? చాలాసార్లు మధ్యలో ఉన్న అడ్డం వల్ల. రైలు కట్టకి ఒకవైపు మంచి పేరున్న ఏరియా, రెండో వైపు ఎవరూ పట్టించుకోని ఏరియా, మధ్యలో ఒక అండర్‌పాస్, నాలుగు నిమిషాల నడక. స్టేషన్ రెండు వైపులకీ ఒకటే, రైలు ఒకటే, అద్దె మాత్రం వేరు, ఎందుకంటే స్టేషన్ ప్రధాన ద్వారం అటువైపు ఉంది, షాపులన్నీ అటే. ఫ్యాక్టరీలు మూసేసిన వీధులు కూడా ఇలాంటివే, సిటీ పెరగకముందు కట్టారు కాబట్టి మధ్యకి దగ్గరే ఉంటాయి, పేరు మాత్రం ఇంకా పొగ వాసన వేస్తూనే ఉంటుంది. ఏరియా పేరుకి అంత పవర్ ఉందండీ. ఒకే రోడ్డుకి ఇటు ఒక పేరు, అటు ఒక పేరు, బిల్డింగులు అన్నదమ్ముల్లా ఉంటాయి, పేరున్న వైపు ఎక్కువ ఇస్తారు జనం. కాబట్టి వెతికేటప్పుడు ఏరియా పేరు టైపు చెయ్యడం మానెయ్యండి. సైట్‌లో మ్యాప్ మీద వేలితో గీసి వెతికే వీలుంటే అలా వెతకండి, పేరు టైపు చేస్తే ఆ పేరుకి డబ్బులు కట్టడానికి మీరే ముందుకెళ్లినట్టు.

ఇంకొన్ని కారణాలు పూర్తిగా మీ జీవితాన్ని బట్టి ఉంటాయి. లిఫ్ట్ లేని పాత బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు, మోకాళ్లు బాగున్న ఇద్దరికి అది అద్దె తగ్గింపు, ఇంట్లో పెద్దవాళ్లుంటే రోజూ శిక్ష. పేరున్న స్కూల్‌కి దూరం అని కుటుంబాలు వదిలేసిన వీధి, పిల్లలు లేనివాళ్లకి ఏం పోయింది? పార్కింగ్ లేదు అని సగం మంది వెనక్కి వెళ్లిపోయే ఇల్లు, బండి లేనివాడికి అదృష్టం. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లకి మార్కెట్ వీధి నరకం, పొద్దున వెళ్లి రాత్రి తొమ్మిదికి వచ్చేవాళ్లకి ఆ గోల వినే తీరికే ఉండదు. మిగతావాళ్లు దేన్ని చూసి వెనక్కి తగ్గుతున్నారో అది మనకి లెక్కలేని విషయం అయితే, ఆ తగ్గిన అద్దె మన జేబులో మిగిలినట్టే.

శబ్దం గురించి మాత్రం కొంచెం ఆగుదాం, ఎందుకంటే "అలవాటైపోతుందిలే" అని ఇల్లు చూపించేవాళ్లు చాలా తేలిగ్గా అనేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ కోసం ఇచ్చిన సూచనల్లో, రోడ్డు ట్రాఫిక్ శబ్దం రోజు మొత్తం మీద సగటున 53 డెసిబెల్స్, రాత్రి పూట 45 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది, కాబట్టి 55కి 65కి తేడా చిన్నది కాదు. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిస్తే ఖచ్చితంగా రాదు, కానీ రోడ్డు వైపు గదికీ వెనక గదికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. పడకగది వెనక వైపు ఉంటే రోడ్డు పక్క ఇల్లు కూడా నడిచిపోతుంది.

కొన్ని కారణాలకి మాత్రం ఎంత తక్కువ అద్దె అయినా లొంగకండి. పల్లపు ప్రాంతం, వానొస్తే నీళ్లు నిలిచే వీధి. కొత్తగా రంగేసిన గోడ, కింది మూలలో చెమ్మ. కాలిన మరకలున్న స్విచ్ బోర్డు. రాత్రి స్టాప్ నుంచి ఇంటి దాకా లైట్లు లేని దారి. ఇవి ఎవరికైనా తగిలేవే, వీటికి తగ్గింపు ఇచ్చినా అది తగ్గింపు కాదు.

ఇక లెక్క. జీతంలో 30 శాతం దాటి అద్దె ఇవ్వొద్దు అనే మాట వినే ఉంటారు. ఇది అమెరికాలో ప్రభుత్వ ఇళ్ల అద్దెల నుంచి వచ్చింది, 1969లో చట్టం 25 శాతం అని పెట్టింది, 1981లో దాన్ని 30 చేశారు, అంతే, ఆకాశం నుంచి ఊడిపడ్డ సూత్రమేం కాదు. నాకు దీని మీద ఉన్న గొడవ ఏంటంటే ఇందులో ప్రయాణం ఖర్చు లేదు. చికాగోలో సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ దీన్ని సరిచేసి, ఇల్లు, రవాణా రెండూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదు అనే లెక్క పెట్టింది. ఉదాహరణకి మీ ఆదాయం వంద పాళ్లు అనుకోండి. శివారులో అద్దె 22 పాళ్లు, కానీ బండి, పెట్రోలు, రిపేర్లు, అన్నీ కలిపి 20. లోపల అద్దె 30 పాళ్లు, బండి అక్కర్లేదు, పాస్ 5. శివారులో 42, లోపల 35. అద్దె ఒక్కటే చూస్తే శివారు చవక, రెండూ కలిపితే బొమ్మ తిరగబడింది. మీ అంకెలు వేరుగా వస్తాయి, తిరగబడకపోవచ్చు కూడా, వేసి చూడండి.

డబ్బు కాకుండా టైమ్ కూడా ఉంది. పూటకి అరగంట ఎక్కువ అంటే రోజుకి గంట, ఏడాదికి 240 పనిరోజులు వేసుకుంటే 240 గంటలు, అంటే పది పగళ్లూ పది రాత్రులూ కదలకుండా బస్సులో కూర్చున్నట్టు.

బస్సు అంటే గుర్తొచ్చింది, "స్టాప్ ఇంటి ముందే" అనే మాటకి పడిపోకండి. ఎంతసేపటికి ఒకటి వస్తుందో అడగండి. పది నిమిషాలకొకటి వస్తే, టైమ్ చూసుకోకుండా వెళ్లినా సగటున ఐదు నిమిషాలు ఆగుతారు. అరగంటకొకటి అయితే పావుగంట, అదీ టైముకి వస్తే. అవి రెండు కలిసొచ్చి, తర్వాత గంట దాకా రాకపోతే ఇంకా ఎక్కువ. ఇంటి ముందు అరగంటకొక బస్సు ఉన్న ఇంటికంటే, 800 మీటర్లు, అంటే పది నిమిషాలు నడిస్తే ఐదు నిమిషాలకొక రైలు దొరికే ఇల్లు నేనైతే కళ్లు మూసుకుని తీసుకుంటాను. లైన్ మారాల్సి వస్తే ప్రతి మార్పుకీ ఇంకో నిరీక్షణ కలుపుకోండి. ఇందాకటి అరచెయ్యి బొమ్మలో వేళ్ల మధ్య సందులు ఉన్నాయి కదా, సైకిల్ ఉన్నవాళ్లకి అవి బంగారం. స్టేషన్‌కి నడిచి వెళ్లలేనంత దూరం, కాబట్టి అద్దె తక్కువ, సైకిల్ మీద మాత్రం ఏడెనిమిది నిమిషాలే.

కొత్త లైన్ వస్తోంది, ఇప్పుడే చేరిపోండి అని చెప్పేవాళ్లుంటారు. కొనేవాళ్లకి అది ఒక లెక్క, అద్దెకుండేవాళ్లకి ఇంకో లెక్క. లైన్ తయారయ్యేదాకా దుమ్ము, మళ్లింపులు మీకు, తయారయ్యాక పెరిగే అద్దె కూడా మీకే. రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్‌లో కూలీనాలీ ఉండే వీధుల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడం, పాతవాళ్లు ఖాళీ చెయ్యాల్సి రావడం చూసి, దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది కూడా అలోన్సో లెక్క వచ్చిన 1964లోనే. మనం కూడా తక్కువ అద్దె అని వెళ్లి అక్కడ పాతవాళ్లకి అద్దె పెంచే జనంలో ఒకళ్లం అవుతామా అంటే, అవుతాం కొంత, దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. రాబోయే లైన్ పేరు చెప్పి ఇప్పుడే ఎక్కువ అడిగితే మాత్రం ఒప్పుకోకండి, రాని రైలుకి టికెట్ కొన్నట్టు అవుతుంది. అక్కడే ఉండాలనుకుంటే, అద్దె ఏడాదికి ఎంతకు మించి పెంచకూడదో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఏరియా కుదిరాక ఇంటిని ఒక్కసారే చూసి ఊరుకోకండి. పనిరోజు పొద్దున ఆఫీసు టైములో ఆ ఇంటి నుంచి బయల్దేరి ఆఫీసుకి నిజంగా వెళ్లి చూడండి, చీకటి పడ్డాక ఒకసారి స్టాప్ నుంచి నడిచి రండి, కుదిరితే వాన పడ్డ మర్నాడు. ఇల్లు కళ్లతో చూడకుండా ఎవరు ఎంత తొందర పెట్టినా డబ్బు పంపకండి, "ఇంకో నలుగురు అడుగుతున్నారు" అన్నప్పుడు అస్సలు పంపకండి. ఆ వీధిలో కాలినడకన తిరగండి, సైట్లలోకి ఎక్కని ఇళ్లు బోర్డు రూపంలో గేట్లకి వేలాడుతుంటాయి, మధ్యలో బ్రోకర్ కూడా ఉండడు.

అన్నిటికంటే పనికొచ్చేది, ఖాళీ చేస్తున్నవాళ్లతో మాట్లాడటం. ఓనర్ పక్కన లేనప్పుడు. నది అవతల నుంచి పారిపోయి రెండో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు, రైలు కట్టకి ఎవరూ వెళ్లని వైపు ఒక ఇల్లు చూశాను, ఆఫీసుకి 25 నిమిషాలు, అద్దె నేను అనుకున్నదానికంటే తక్కువ, అంత తక్కువ ఎందుకో అర్థం కాక భయమేసింది. సామాన్లు సర్దుకుంటున్న ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకుని, ఎందుకు వెళ్లిపోతున్నారండీ అని అడిగాను. నీళ్ల ఇబ్బందేం లేదు, ఓనర్ మంచివాడే, కిందటి నెల కారు కొన్నాం బాబూ, ఈ సందులో అది దూరదు, పెద్ద రోడ్డు మీద పెట్టి రోజూ నడవలేక చస్తున్నాను అన్నాడు. నాకు కారు లేదు. ఆ సాయంత్రమే వెళ్లి అడ్వాన్స్ ఇచ్చేశాను.