ఫెథర్డ్ ఊళ్ళో వెలి

అందరికీ నమస్కారం.

చారిత్రక నవల అనగానే మనకు కోటలు, గుర్రాలు, పట్టాభిషేకాలు గుర్తొస్తాయి. నేను ఈరోజు ఒక పల్లెటూరి కొట్టు గురించి చెబుదామని వచ్చాను. ఐర్లండు ఆగ్నేయ మూలన, వెక్స్‌ఫర్డ్ కౌంటీలో ఫెథర్డ్-ఆన్-సీ అనే ఊరుంది. సంగతి జరిగింది 1957లో. మతఘర్షణ మీద నవల రాయాలనుకునే మీలాంటి వాళ్ళు ఈ ఊరి కథ తప్పక తెలుసుకోవాలి.

ఒక రైతు కుటుంబం. భర్త క్యాథలిక్, భార్య ప్రొటెస్టెంట్. ఆ రోజుల్లో అలాంటి పెళ్ళి క్యాథలిక్ చర్చిలో చెల్లాలంటే, పుట్టే బిడ్డలందర్నీ క్యాథలిక్కులుగానే పెంచుతామని మాట రాసివ్వాలి. ఆమె ఇచ్చింది. పెద్దపిల్లకు బడి ఈడొచ్చేసరికి క్యాథలిక్ బడికే పంపాలని ఫాదర్లు పట్టుబట్టారు. ఏప్రిల్ నెలాఖర్లో ఆ తల్లి ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని ఇల్లు విడిచింది. బెల్‌ఫాస్ట్ వెళ్ళి, అక్కణ్ణించి స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులకు చేరింది.

ఊళ్ళో ప్రొటెస్టెంట్లే ఆమెను సాగనంపారన్న అనుమానంతో మే నెలలో వెలి మొదలైంది. ప్రొటెస్టెంట్ల కొట్లో క్యాథలిక్కులు సరుకు కొనడం మానేశారు. సంగీతం నేర్పే ప్రొటెస్టెంట్ టీచరు దగ్గర పన్నెండు మంది పిల్లలుంటే పదకొండు మంది మానేశారు. ప్రొటెస్టెంట్ బడిలో పాఠాలు చెప్పే క్యాథలిక్ టీచరు కూడా వెళ్ళిపోయింది. బాయ్‌కాట్ అన్న మాట పుట్టింది ఐర్లండులోనే. 1880లో మేయో కౌంటీ రైతులు కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు అధికారిని వెలివేశారు. బలవంతుడి మీద బీదలు పట్టిన ఆయుధాన్ని డెబ్బై ఏడేళ్ళకు ఎక్కువమంది కలిసి తక్కువమంది మీదికి తిప్పారు. నా మనసు కలుక్కుమనేది ఇక్కడే.

గాల్వే బిషప్ మైకేల్ బ్రౌన్ ఈ వెలిని వెనకేసుకొచ్చాడు. ప్రధాని డి వలేరా తానూ క్యాథలిక్కే అయినా, జూలై 4న పార్లమెంటులో ఇది అన్యాయం, క్రూరం అన్నాడు. నవలాకారుడు ఈ ఇద్దరి దగ్గరే ఆగిపోకూడదని నా గట్టి నమ్మకం. చూడాల్సింది ఆ పన్నెండో పిల్ల ఇంటిని. అందరూ మానేశాక కూడా ఆ పిల్లను సంగీతానికి పంపిన ఇంట్లో ఆ రాత్రుళ్ళు ఏం మాట్లాడుకుని ఉంటారు? చరిత్ర పుస్తకం అది చెప్పలేదు. నవల చెప్పగలదు. భర్త సంగతీ అంతే. భార్యాబిడ్డలు దూరమై కుమిలిపోతున్నా ఆ వెలి తప్పని నిలబడ్డాడు. రెండు వైపుల మాటా పడ్డ మనిషి. నేనే రాస్తే కథ ఆయన నోటే చెప్పిస్తాను.

వెలి ఎలా ముగిసిందో చూడండి. ఎవరూ సభ పెట్టలేదు, ఒప్పందం రాసుకోలేదు. శరత్కాలంలో ఒకరోజు ఫాదర్ ప్రొటెస్టెంట్ కొట్టుకు నడిచొచ్చి ఒక సిగరెట్ ప్యాకెట్ కొన్నాడు. అంతే. ఊరికి అర్థమైంది. మందిలో మొదలైనది గల్లాపెట్టె దగ్గర చప్పుడు లేకుండా ఆగింది. చర్చి తరఫున బిషప్ కమిస్కీ క్షమాపణ అడగడానికి మాత్రం 1998 దాకా పట్టింది.

ఆ ఏడాది చివర్లో తల్లి పిల్లలతో ఇంటికి తిరిగొచ్చింది. ఏ రెండు బడుల గొడవతో ఊరు రెండుగా చీలిందో, ఆ రెండు బడుల్లో దేనికీ పిల్లల్ని పంపలేదు. ఇంట్లోనే చదువు చెప్పుకున్నారు.