కౌన్సెలింగ్ పనిచేస్తోందా? మూడు వరుసల షీటు

నమస్కారం. మాది గోవిందరాజస్వామి గుడి దగ్గరి వీధి, మధ్యలో గంట వినిపిస్తే పట్టించుకోకండి.

కౌన్సెలింగ్‌కు వెళుతున్నారు. నెల గడిచింది. పనిచేస్తోందా లేదా? నేనైతే ఇలా చూసుకుంటాను. ఫోనులో ఖాళీ షీటు తెరవండి. తేదీ ఇక్కడ, స్కోరు ఇక్కడ, మూడో వరుస తర్వాత చెబుతాను. దీనికి యాప్‌లూ ఉన్నాయి, నాకు నచ్చవు. రోజుకు నాలుగుసార్లు మోగి ‘ఎలా ఉన్నారు’ అని అడిగితే బాగున్న మనసు కూడా చెడుతుంది.

స్కోరుకు ఇదిగో, పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. ఇది దిగులుకు. ఆందోళనకైతే జీఏడీ-7, పద్ధతి ఒకటే. నింపండి, కూడండి, రాయండి.

ఇక్కడ ఆగండి. నేను బోల్తా పడింది ఇక్కడే. సెషన్ అయిన సాయంత్రమే నింపేవాణ్ణి. ఏడ్చి వచ్చిన రోజు 19, తేలికపడిన రోజు 8. చూడండి ఈ గ్రాఫు, రంపం పళ్లే! ఇది చూసి మానేద్దామనుకున్నాను కూడా. తీరా చూస్తే ఆ ప్రశ్నలు అడిగేది గత రెండు వారాల సంగతి. కాగితం పైనే రాసి ఉంది, నేనే చదవలేదు. అందుకని రెండు వారాలకోసారి, ఒకే రోజు, సెషన్‌కు ముందు. సెషన్‌కు ముందు, మరిచిపోకండి. నాది ఆదివారం పొద్దున, కాఫీ అయ్యాక.

ఇప్పుడు ఈ గ్రాఫు చూడండి. 17, 16, 16, 12, 11. ఒకటీ రెండూ అటూ ఇటూ అయితే వదిలేయండి. 5 తగ్గితే దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు.

మూడో వరుస, మీరు మానేసిన పని. నాది అలిపిరి మెట్లు. ఏడాదిగా ఎక్కలేదు. ఒకరోజు గాలిగోపురం దాకా వెళ్లి దిగి వచ్చేశాను. అప్పటికి స్కోరు ఇంకా 16. అదొక్కటే చూసుంటే ఆ నెలంతా దండగ అనుకునేవాణ్ణి.

ఆరేడు సెషన్లయినా రెండు వరుసలూ కదలకపోతే షీటు థెరపిస్టుకే చూపించండి. నొచ్చుకుంటారేమోనని నేను కొన్నాళ్లు దాచాను. ఆవిడ నొచ్చుకోలేదు, ఇంట్లో చేయమన్న సాధన మార్చారు.

ఆ, తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండు అనిపించడం గురించి. అక్కడ 0 కాక మరేది వచ్చినా గ్రాఫు కోసం ఆగకండి. థెరపిస్టుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అక్కర్లేదు.

ఖాళీ షీటు కింద పెట్టాను. మూడో వరుస పేరు మాత్రం మీరే రాసుకోండి.