దబ్బతొక్కతో కాక్‌టెయిల్ బిట్టర్స్: చేదు ఒక సీసా, వాసన ఒక సీసా

నమస్కారం అండి. కోనసీమలో మా వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. కాక్‌టెయిల్‌లో చుక్కలుగా వేసే చేదు సారం, బిట్టర్స్ అంటారు దాన్ని, ఇవాళ మనమే చేద్దాం.

ముందు ఆ చేదు ఎక్కడిదో చూద్దాం. అందరికీ తెలిసిన అంగోస్తురా బిట్టర్స్‌ని 1824లో వెనిజులాలోని అంగోస్తురా ఊళ్లో సీగర్ట్ అనే జర్మన్ డాక్టరు కడుపు బాధలకు మందుగా చేశారు. ఊరి పేరే దానికొచ్చింది గానీ, అంగోస్తురా చెట్టు బెరడు అందులో ఉండదు. చేదు జెన్షియన్ వేరుది. యూరప్ కొండల మీద పసుప్పచ్చ పూలు పూసే మొక్క అది. మన డెల్టాలో ఆ చేదుకి నేలవేము ఉంది, వాసనకి దబ్బకాయ ఉంది. ఇంకేం కావాలండి!

ఇదిగో, తొక్కని పీలర్‌తో పల్చగా తీస్తున్నాను. వంచి నొక్కితే సన్నటి తుంపర చిమ్ముతోంది కదా, ఆ నూనే మనక్కావాలి. లోపలి తెల్లటి పొర వద్దు.

ఒక గాజు సీసాలో గుప్పెడు తొక్క, నాలుగు యాలకులు, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క. రెండో సీసాలో చెంచాడు ఎండు నేలవేము ఆకు. రెండింట్లోనూ మునిగేదాకా వోడ్కా పోయండి. సర్జికల్ స్పిరిట్ లాంటివి పొరపాటున కూడా వాడొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

అన్నీ ఒకే సీసాలో వేసెయ్యకండి. నేలవేము చేదు గబగబా దిగిపోతుంది, తొక్క, దినుసుల వాసన నిదానంగా దిగుతుంది. కలిపి పోస్తే వాసన వచ్చేసరికి చేదు మితిమీరిపోతుంది, ఇక దాన్ని తగ్గించలేం. అందుకే నేలవేముని మర్నాటి నుంచే చూడండి. గ్లాసు సోడాలో ఒక చుక్క వేసి, చేదు నాలుకకి గట్టిగా తగిలితే వడకట్టేయండి. తొక్క సీసాని రెండు వారాలు ఉంచి, రోజూ ఒకసారి కదపండి.

తర్వాత వాసన సీసాలోకి చేదుని కొద్దికొద్దిగా కలపండి, పులుసులో బెల్లం వేసినట్టు, రుచి చూసుకుంటూ.

చేదు కోసం సింకోనా చెట్టు బెరడు ఆన్‌లైన్‌లో కొని వేస్తున్నారు కొందరు. మలేరియా మందు క్వినైన్ దాంట్లోదే. మోతాదు మించితే చెవుల్లో హోరు, కళ్లు తిరగడం. ఇంట్లో వద్దండి. గర్భిణులు నేలవేము జోలికి వెళ్లకూడదు. మందు ముట్టనివాళ్లకి సోడాలో కూడా ఈ చుక్కలు వేసి ఇవ్వకండి, ఇది ఆల్కహాలే.

ఇక వాడకం. కొబ్బరినీళ్లు, కొంచెం రమ్ము, ఐసు. ముందు ఒక గుక్క అలాగే తాగండి. ఆ తర్వాత మూడు చుక్కలు వేసి ఇంకో గుక్క. తేడా మీకే తెలుస్తుంది, కామెంట్లో రాయండి.