లక్షల మంది నడిచారు, వార్త లోపలి పేజీలో పడింది

అందరికీ నమస్కారం. మీడియా పక్షపాతం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దానిమీద సిద్ధాంతాలు మీ పాఠాల్లో ఎలాగూ ఉంటాయి. నేను ఒక్క విషయం తీసుకుంటాను. అమెరికాలో అబార్షన్‌కు వ్యతిరేకంగా జరిగే ప్రదర్శనలను అక్కడి పత్రికలు, టీవీలు ఎలా చూపిస్తూ వచ్చాయన్నది. ముందే చెప్పేస్తున్నాను, అబార్షన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఆ స్త్రీయే తేల్చుకోవాలని నమ్మే మనిషిని నేను. అయినా ఆ ప్రదర్శకులు మీడియా మీద చేసే ఫిర్యాదులో చాలా నిజం ఉందని చెప్పడానికే వచ్చాను. చాలా నిజం అన్నాను, అంతా నిజం అనలేదు.

1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ కేసులో అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. మరుసటి ఏడాది అదే తేదీన నెల్లీ గ్రే అనే లాయరు వాషింగ్టన్‌లో 'మార్చ్ ఫర్ లైఫ్' మొదలుపెట్టారు. అప్పటి నుంచి ప్రతి జనవరిలోనూ, ఎముకలు కొరికే చలిలో, చర్చిల నుంచి, క్యాథలిక్ స్కూళ్ల నుంచి బస్సుల్లో జనం వస్తూనే ఉన్నారు. ఏటా వచ్చేది కాబట్టి న్యూస్ డెస్కుకు అది పాత వార్త. ఈ మాటలో కొంత న్యాయం ఉంది. ఏటా జరిగేదాన్ని ఏటా మొదటి పేజీలో వేయమని ఏ ఎడిటర్నీ అడగలేం.

కానీ 1989, 1990 సంగతి వేరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 1989 ఏప్రిల్‌లో అబార్షన్ హక్కు కావాలనే వాళ్లు వాషింగ్టన్‌లో పెద్ద ర్యాలీ తీశారు. పోలీసుల అంచనా 3 లక్షలు. 'వాషింగ్టన్ పోస్ట్' దానికి ముందు రోజుల నుంచే కథనాలు ఇచ్చింది, ఏ దారిలో నడుస్తారో మ్యాప్ వేసింది, మర్నాడు మొదటి పేజీలో పెట్టింది. మరుసటి ఏప్రిల్‌లో అబార్షన్ వ్యతిరేకులు అదే ఊళ్లో సభ పెట్టారు. ఇది జనవరిలో ఏటా జరిగేది కాదు, ప్రత్యేకంగా పిలుపిచ్చి పెట్టిన సభ. అధ్యక్షుడు బుష్ ఫోన్‌లో ప్రసంగించారు. పోలీసుల అంచనా 2 లక్షలు. 'పోస్ట్' ఆ వార్తను మెట్రో సెక్షన్‌లో వేసింది. మన భాషలో చెప్పాలంటే జిల్లా టాబ్లాయిడ్‌లో పడేసింది.

పాఠకులు ఊరుకోలేదు. 'పోస్ట్' లోనే అంబుడ్స్‌మన్‌గా, అంటే పాఠకుల ఫిర్యాదులు చూసే మనిషిగా ఉన్న రిచర్డ్ హార్వుడ్ తన కాలమ్‌లో సొంత పత్రికను నిలదీశారు. అదే ఏడాది జులైలో 'లాస్ ఏంజెలెస్ టైమ్స్' మీడియా రిపోర్టర్ డేవిడ్ షా నాలుగు భాగాల కథనం రాశారు. పెద్ద పత్రికలు, టీవీలు అబార్షన్ వార్తలను హక్కు కావాలనే పక్షం కళ్లతో చూస్తున్నాయని ఉదాహరణలతో చూపించారు. తాను పనిచేసే పత్రికను కూడా వదల్లేదు. ఆ మరుసటి ఏడాది ఇంకో కేసులో మీడియా తీరు మీద రాసినందుకు ఆయనకు పులిట్జర్ వచ్చింది. సొంత వృత్తిని ఇలా తవ్వి రాసే రిపోర్టర్ పోస్టు మన పత్రికల్లో ఉండదు, ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇందులో కుట్ర ఉందని నేననుకోను. కుట్రయితే పట్టుకోవడం తేలిక. మొదటి ర్యాలీకి రిపోర్టర్ల స్నేహితులు వెళ్లారు, రూమ్‌మేట్లు వెళ్లారు, కొందరు జర్నలిస్టులే వెళ్లారు. 'న్యూయార్క్ టైమ్స్' కు సుప్రీంకోర్టు వార్తలు రాసే లిండా గ్రీన్‌హౌస్ కూడా అందులో నడిచి, తర్వాత ఆఫీసులో మాట పడ్డారు. రెండో సభకు వెళ్లే చర్చి జనం ఆ డెస్కుల మీద ఎవరికీ చుట్టాలు కారు, స్నేహితులు కారు. కాబట్టి ఆ సభ ఎంత పెద్దదవుతుందో ముందుగా ఎవరి చెవినా పడలేదు. పక్షపాతం చాలాసార్లు వాక్యంలో దొరకదు. ఎవరి ఫోన్ నంబర్ మన దగ్గరుంది, ఎవరిది లేదు అన్నచోట వెతకండి.

అలాగని వాక్యంలో అసలు దొరకదని కాదు. 2003లో 'లాస్ ఏంజెలెస్ టైమ్స్' ఎడిటర్ జాన్ కారల్, టెక్సస్ అబార్షన్ చట్టం మీద తమ పత్రికలోనే వచ్చిన వార్తను పట్టుకుని సిబ్బందికి మెమో పంపారు. అక్కడి డాక్టర్లు ఇవ్వాల్సిన కౌన్సెలింగ్‌కు ముందు రిపోర్టర్ 'అనబడే' అని తగిలించారు. వెటకారం మన పాఠకుడికి వినబడుతుందయ్యా అన్నది ఆయన అభ్యంతరం.

ఇక అంకెల గొడవ. ఎంతమంది వచ్చారన్నది అమెరికాలోనూ పెద్ద తగాదాయే. 1995లో వాషింగ్టన్‌లో జరిగిన నల్లజాతి మగవాళ్ల భారీ ర్యాలీకి పార్క్ పోలీసులు చెప్పిన లెక్క మీద నిర్వాహకులు కోర్టుకు వెళ్తామన్నారు. ఆ తర్వాత అక్కడి పార్కుల శాఖ జనాన్ని లెక్కపెట్టడమే మానేసింది. దాంతో నిర్వాహకులు చెప్పే అంకె ఒకటి, రిపోర్టర్ కంటికి తోచింది ఒకటి మిగిలాయి. మీడియా మీద నిఘా పెట్టేవాళ్లూ ఒక పక్షం వాళ్లే. మీడియా రీసెర్చ్ సెంటర్ అనే సంప్రదాయవాద సంస్థ మార్చ్ ఫర్ లైఫ్‌కు టీవీలు ఎన్ని నిమిషాలు ఇచ్చాయో లెక్కగడుతూ ఉంటుంది. 2017లో స్త్రీల హక్కుల కోసం జరిగిన ఉమెన్స్ మార్చ్‌కు అన్ని గంటలు, వారం తర్వాత జరిగిన మా మార్చ్‌కు ఇన్ని నిమిషాలేనా అన్న గోల వినే ఉంటారు. ఆ ఏడాది ఉమెన్స్ మార్చ్ దేశమంతా వందల ఊళ్లలో జరిగింది, కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన మర్నాడు జరిగింది. దానికి ఎక్కువ చోటు దక్కడం న్యాయమే. నిమిషాలు కొలిచి న్యాయం తేల్చలేం.

2016లో మంచు తుపానుకు పెన్సిల్వేనియా హైవే మీద బస్సులు ఆగిపోయాయి. మార్చ్ నుంచి తిరిగెళ్తున్న పిల్లలు మంచుతోనే బలిపీఠం కట్టి పూజ చేసుకున్నారు. ఆ ఫొటో అంతటా వచ్చింది. వాళ్లు వాషింగ్టన్ ఎందుకు వెళ్లారో రెండు ముక్కల్లో సరిపోయింది.

2019 జనవరి 18 గురించి కాస్త ఆగి చెప్పాలి. కెంటకీలోని ఒక క్యాథలిక్ స్కూలు పిల్లలు మార్చ్ అయ్యాక లింకన్ స్మారకం దగ్గర బస్సుల కోసం నిలబడ్డారు. కొందరి తల మీద ట్రంప్ టోపీలు. ఒక ఆదివాసీ పెద్దాయన డప్పు కొడుతూ వాళ్ల మధ్యకు వచ్చారు. ఆయన ఎదుట ఒక కుర్రాడు చిరునవ్వుతో కదలకుండా నిలబడ్డాడు. ఆ చిన్న క్లిప్ ట్విట్టర్‌లో ఊరంతా తిరిగింది. ఛానళ్లు, పత్రికలు దాన్నే వార్త చేశాయి. పొగరుబోతు తెల్లకుర్రాడు పెద్దాయన్ని అవమానించాడని దేశం తీర్పు చెప్పేసింది. మర్నాటికి పొడుగాటి వీడియోలు బయటికొచ్చాయి. అంతకుముందు వేరే గుంపు ఒకటి ఆ పిల్లల్ని నానా బూతులు తిట్టిందని, పెద్దాయనే నడిచి వాళ్ల దగ్గరకు వెళ్లారని తెలిసింది. బెదిరింపులకు స్కూలు మూసుకోవాల్సి వచ్చింది. కుర్రాడు దావాలు వేశాడు. 2020లో సీఎన్ఎన్, తర్వాత 'వాషింగ్టన్ పోస్ట్' రాజీ చేసుకున్నాయి. మరికొన్ని సంస్థల మీద వేసిన దావాలు 2022లో కోర్టులో వీగిపోయాయి. ఆ సాయంత్రం ఆ క్లిప్ మన డెస్కుకు వచ్చి ఉంటే మనం ఆపేవాళ్లమా? నాకైతే నమ్మకం లేదు. టోపీ చూసి కథ రాసేస్తాం.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. ఈ ఉద్యమమంటే జనవరి ర్యాలీ ఒక్కటే కాదు. అబార్షన్ క్లినిక్ గుమ్మాల దగ్గర అడ్డుపడేవాళ్లూ అందులో ఉన్నారు. 1993లో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ప్రదర్శన జరుగుతుండగానే, అబార్షన్లు చేసే డాక్టర్ డేవిడ్ గన్‌ను కాల్చి చంపారు. కేన్సస్‌లో అదే పని చేసే డాక్టర్ జార్జ్ టిల్లర్‌ను 2009లో చర్చిలోనే చంపారు. రోజూ ఆ గుమ్మం దాటి లోపలికెళ్లే నర్సు, పేషెంటు పడే టెన్షన్ ర్యాలీ వార్తల్లో కనబడదు. శాంతంగా నడిచే అమ్మమ్మనూ తుపాకీ పట్టినవాణ్నీ ఒకే ఫ్రేములో పెట్టడం ఎంత తప్పో, క్లినిక్ ముందు వేధింపును 'రెండు పక్షాల వాగ్వాదం' అని రాయడమూ అంతే తప్పు.

మన డెస్కుల మాటా చెప్పుకోవాలి. 2012లో ఐర్లండ్‌లో అబార్షన్ నిరాకరించడంతో సవిత హలప్పనవర్ చనిపోతే, ఆమె బెళగావి అమ్మాయి కాబట్టి, మన పత్రికలన్నీ బాగా రాశాయి. రాయాల్సిందే. ఆ మరుసటి ఏడాది డబ్లిన్‌లో చట్టం మార్చొద్దని వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. తెలుగులో ఆ వార్త చదివినట్టు నాకు గుర్తు లేదు. 2018 రెఫరెండంలో 66 శాతం మార్పు కోరుకున్నారని మాత్రం అందరం రాశాం. మిగతా 34 శాతం ఎవరో మన పాఠకుడికి తెలియలేదు.

చివరిగా కేన్సస్. 1991 వేసవిలో అక్కడి విచిటా ఊళ్లో టిల్లర్ క్లినిక్ ముందు వారాల తరబడి బైఠాయింపులు, 2,600కు పైగా అరెస్టులు. టీవీ కెమెరాలు పొద్దస్తమానం అక్కడే. ఆ దృశ్యాలతో కేన్సస్ అంటే అబార్షన్ వ్యతిరేకుల కోట అన్న బొమ్మ న్యూస్‌రూముల్లో నిలిచిపోయింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు రో తీర్పును కొట్టేసింది. ఆగస్టు 2న, రాష్ట్ర రాజ్యాంగం నుంచి అబార్షన్ హక్కును తీసేద్దామా అని కేన్సస్ ఓటర్లను అడిగారు. దాదాపు 59 శాతం వద్దన్నారు. విచిటా ఉన్న సెజ్‌విక్ కౌంటీలో కూడా వద్దన్నవాళ్లే ఎక్కువ. ఫలితం చూసి తెల్లబోయిన రిపోర్టర్లలో 1991 దృశ్యాలు చూస్తూ పెరిగినవాళ్లు ఎంతమందో!

ఇక మీరు అడగండి, నేను వింటాను.