టోయిక్‌లో మంచి స్కోరు వస్తే ఆఫీసు ఇంగ్లీషు వచ్చినట్టేనా? టోక్యో నుంచి నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఇక్కడ టోక్యోలో పనిచేసే మనవాళ్లు, హైదరాబాద్ నుంచి జపాన్ క్లయింట్లతో కాల్స్‌లో ఉండేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "మా జపాన్ టీమ్‌లో ఒకాయనకి టోయిక్ ఇంగ్లీషు పరీక్షలో 800 దాటింది. మెయిల్ చక్కగా రాస్తారు. కాల్‌లో మాత్రం నోరు విప్పరు. ఎందుకంటారు?" అందుకే ఈరోజు టోయిక్ ప్రిపరేషన్‌నే రివ్యూకి తీసుకున్నాను. జపాన్ వాళ్లకి రోజువారీ ఆఫీసు సంభాషణకు కావాల్సిన మాటలు ఇందులో ఎంతవరకు దొరుకుతాయో చూద్దాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పరీక్షను తయారుచేసింది ఈటీఎస్ అనే అమెరికా పరీక్షల సంస్థ. మొదటిసారి జరిగింది జపాన్‌లోనే, 1979లో. వినడం 100 ప్రశ్నలు, చదవడం 100 ప్రశ్నలు, మొత్తం రెండు గంటలు, 990 మార్కులు. ఉద్యోగానికి, ప్రమోషన్‌కి ఈ స్కోరు అడిగే కంపెనీలు ఇక్కడ బోలెడు. జపాన్ ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ రకుటెన్ అయితే ఇంగ్లీషే తమ ఆఫీసు భాష అని 2010లో ప్రకటించి, 2012 నుంచి పూర్తిగా అమలు చేసింది.

ముందు నచ్చినవి చెబుతాను. మాటల ఎంపిక బాగుంటుంది. ఇన్వాయిస్, షిప్‌మెంట్, రీయింబర్స్‌మెంట్, వారంటీ, ఇలా ఆఫీసులో నిజంగా వాడేవే ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది పార్ట్ 2. ఇందులో 25 ప్రశ్నలు, పేపర్ మీద ఏమీ అచ్చు వేయరు. ప్రశ్న విని, మూడు జవాబులు విని, ఒకటి ఎంచుకోవాలి. "ఈ రిపోర్ట్ ఎవరు రాస్తున్నారు?" అని అడిగితే ఎవరో ఒకరి పేరు వస్తుందని చూస్తాం. సరైన జవాబు "అది ఇంకా తేలలేదండి" అని ఉండొచ్చు. ఆఫీసులో మనుషులు మాట్లాడుకునేది అచ్చం ఇలాగే. ఈ ఒక్క భాగం కోసమైనా ఆడియో కొనుక్కోవచ్చంటాను.

ఇక అసలు లోటు. ఈ రెండు గంటల్లో ఒక్క మాట కూడా పైకి పలకక్కర్లేదు. గళ్లు నింపితే చాలు. మాట్లాడే పరీక్ష వేరే ఉంది, 11 ప్రశ్నలు, సుమారు 20 నిమిషాలు. కానీ కంపెనీలు ఎక్కువగా అడిగేది వినడం, చదవడం స్కోరే కాబట్టి జనం దాని కోసమే చదువుతారు. ఇంకో సంగతి, ఆడియోలో వినిపించేవి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా గొంతులు. రోజూ కాల్‌లో వినాల్సింది మన గొంతు! దానికి సాధన ఎక్కడ?

ఇప్పుడు దగ్గరగా ఒక కాల్ చూద్దాం. మనవాళ్లు అడుగుతారు, "శుక్రవారం లోపు ఇవ్వగలరా?" అవతలి నుంచి, "ఇట్ ఈజ్ డిఫికల్ట్." మనవాళ్లు ఏమనుకుంటారు? కష్టమే, అయినా చేస్తారులే అని. జపనీస్‌లో "ముజుకషీ" అంటే కష్టం అనే అర్థం, కానీ ఆఫీసులో అలా అన్నారంటే చాలాసార్లు "కాదు" అని మర్యాదగా చెప్పినట్టు. ఆయన కాదన్నారు, మనం సరే అన్నారనుకున్నాం. శుక్రవారం సాయంత్రం రెండు వైపులా టెన్షన్. డిఫికల్ట్ అనే మాట రాక కాదు, దాని పక్కన ఏం పెట్టాలో ఎవరూ నేర్పలేదు. "వి కాంట్ డూ ఫ్రైడే. వి కెన్ డూ ట్యూస్‌డే." ఈ రెండు చిన్న వాక్యాలు పది మందిలో తడబడకుండా చెప్పగలగాలి. నా దృష్టిలో జపాన్ వాళ్లకి కావాల్సిన పదసంపద ఇదే. కాదనడం, మళ్లీ చెప్పమనడం, మధ్యలో ఆపి అడగడం, తేదీ ఖాయం చేసుకోవడం.

అలాగే "హై, హై" (జపనీస్‌లో అవును) అంటూ తల ఊపడం. అది ఒప్పుకోవడం అని కాదు, వింటున్నాను అని. మనం ఫోన్‌లో "ఆఁ, ఆఁ" అంటామే, అలా. ఆ అలవాటు ఇంగ్లీషులోకి "యెస్, యెస్" అయి వస్తే మాట ఇచ్చినట్టు అయిపోతుంది. "ఐ సీ" అని నేర్చుకుంటే ఆ చిక్కే ఉండదు.

వాళ్ల భాషలో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలతోనూ జాగ్రత్త. "కురేము" అంటే వాళ్లకి కస్టమర్ ఫిర్యాదు. అదే మెయిల్‌లో క్లెయిమ్ అని వస్తే మనం డబ్బుల సంగతేమో అనుకుంటాం. ఒక్క దగ్గర మాత్రం మనకీ వాళ్లకీ తేడా లేదు. "ఫైల్ రాలేదా?" అంటే మనం "అవును, రాలేదు" అంటాం. జపనీస్‌లోనూ అంతే. ఇంగ్లీషులో అక్కడ "నో" అనాలి. ఆ తికమక ఏంటో మనకి బాగా తెలుసు కాబట్టి, మనం ఓపిగ్గా ఇంకోసారి అడగొచ్చు.

టోయిక్ పుస్తకాలు, ఆడియో కొనాలా వద్దా? స్కోరు కావాలంటే కొనండి, డబ్బు వృథా కాదు. మాట్లాడటం కోసమైతే అధికారిక ప్రాక్టీస్ పుస్తకం ఒక్కటి చాలు. పార్ట్ 2 ఆడియో పెట్టి, ప్రశ్న వినగానే ఆపి, జవాబు సొంతంగా పైకి చెప్పమని మీ జపాన్ టీమ్ వాళ్లకి చెప్పండి. ఆ తర్వాతే ఆప్షన్లు వినాలి. వారానికి ఒకసారి ఆ ప్రశ్నలు మీరే చదివి వినిపిస్తే మన ఉచ్చారణా అలవాటవుతుంది.

మన వైపు నుంచి కూడా ఒకటి చేయాలి. "ప్రిపోన్", "డూ ద నీడ్‌ఫుల్" లాంటివి నేను చూసిన టోయిక్ పుస్తకాల్లో ఎక్కడా లేవు. వాటి బదులు మీటింగ్ ఏ రోజుకి, ఎన్ని గంటలకి మారిందో చెప్పండి. ఏ పని ఎవరు చేయాలో పేరుతో సహా రాయండి.